అత్త చేతివైద్యం

ఆ ఏడు చెరకు కోతలు మొదలైన మొదటి శనివారమే వసితి మోకాలు తిరిగింది.

పక్క ఊరి ఆడపిల్లలతో రగ్బీ ఆట. నేను మైదానం అంచున చాప పరుచుకుని, పక్కవాళ్ళ చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాను. వసితి మా తమ్ముడు పెనాయా కూతురు. బంతి దాని చేతికందితే చాలు, మా ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది. ఆ రోజూ లేచాం. ఎడమకి వెళ్తున్నట్టు ఊరించి కుడికి మళ్ళింది. ఒక్కరూ ముట్టుకోలేదు, ఒక్కరూ అడ్డం రాలేదు. నిలువునా కూలిపోయింది. అరవను కూడా అరవలేదు. తరవాత అడిగితే, లోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడైందని చెప్పింది.

కోచ్ లోసేనా వచ్చి మోకాలు చూసి మొహం చిట్లించింది. "సోమవారం పొద్దున్నే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఫొటో తీయించందే పరిగెత్తనివ్వకండి," అంది.

నెల తిరక్కుండా రాజధాని సువాలో దేశం జట్టుకి ఎంపిక శిబిరం ఉంది. మా లోయ మొత్తమ్మీద పిలుపొచ్చింది వసితి ఒక్కదానికే. ఇరవై ఏళ్ళ పిల్ల. పెనాయా ఆ సంగతి తనతో కోతకొచ్చే ముఠా మొత్తానికి చెప్పుకున్నాడు, లారీ డ్రైవర్లకి చెప్పుకున్నాడు, వినకపోయినా పాస్టరుగారికి రెండుసార్లు చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో చాప మీద పడుకుని, వసితి నన్నే అడిగింది.

"అత్తా, నువ్వు చెప్పు. ఆసుపత్రికి వెళ్ళనా?"

నా చేతుల సంగతి ఇక్కడ చెప్పాలి. బెణుకులు, నరాలు పట్టే చెయ్యి మా అమ్మమ్మది, తరవాత మా అమ్మది, ఆవిడ పోయాక నాది. మెలిపడ్డ చీలమండలు, దిగిన భుజాలు, కొబ్బరిచెట్టు మీంచి జారిన నడుములు ఎన్ని పట్టానో లెక్క లేదు. లోయ పైనున్న ఊళ్ళనుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఈ చేతికో నియమం ఉంది. మా చేతిలో పెట్టిన ఒంటి మీద ఇంకో చెయ్యి పడకూడదు. డాక్టరు చెయ్యి అయినా సరే. రెండు వైద్యాలు కలిస్తే రెండూ చెడతాయని మా అమ్మ అనేది. అందుకని ఆసుపత్రికైనా వెళ్తారు, నా దగ్గరికైనా వస్తారు. రెండు చోట్లకీ పోరు.

"ఆసుపత్రికి వెళ్తే ఆర్నెల్లు కట్టు కట్టి కూర్చోబెడతారు," అన్నాను. "నీకోసం శిబిరం ఆగుతుందా?"

"నీ చేతిలో పెడితే?"

"మూడు వారాల్లో పరిగెత్తిస్తా."

ఆ మాట నా నోటితో నేనే అన్నాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి పట్టేదాన్ని. నాలుగు రోజులు పట్టి, ఒకరోజు వదిలి, మళ్ళీ నాలుగు రోజులు. మొదట్లో గుమ్మడికాయంత ఉన్న వాపు వారం తిరిగేసరికి దిగింది. వసితి చాప అంచు కొరుకుతూ ఓర్చుకునేది. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి అపిసాయ్, కాల్చిన చెరకు మసి మొహాన్నేసుకుని కోత నుంచి వచ్చేవాడు. వాడు దానికి మేనత్త కొడుకు. మా దగ్గర ఆ వరసవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏమన్నా అనుకోవచ్చు. అనకపోతేనే తప్పు.

"ఏమే, ఆ కాలు కోసి వండేద్దామా? ఆదివారం కూరకి సరిపోద్ది."

"నీ బుర్ర వండు బావా. లోపల ఏం లేదుగా, త్వరగా ఉడుకుద్ది."

"సువాలో నిన్ను చూసి నవ్వుతారే. సింగతోక లోయ నుంచి బాతు దిగిందంటారు."

"ఆ బాతుని పట్టుకోబోయి కిందటేడు నిక్కరు చింపుకున్నదెవరో? ఊరంతా చూశారుగా!"

నేను నవ్వి, వాణ్ణి కసిరి, మళ్ళీ పట్టేదాన్ని. ఆ రోజులు బావుండేవి. అలా అనడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది, కానీ బావుండేవి.

పదమూడో రోజో పధ్నాలుగో రోజో, నా బొటనవేళ్ళకి ఒకటి తెలిసింది. మోకాలు మడిచి, పిక్క పట్టుకుని నా వైపు లాగితే ఎముక ముందుకు జారింది, వదులైన సొరుగు జారినట్టు. రెండో కాలు పట్టి లాగి చూశాను. అది కదల్లేదు. మళ్ళీ మొదటిది లాగాను. జారింది. ముప్ఫై ఏళ్ళుగా మోకాళ్ళు పడుతున్నదాన్ని. ఇది నా చేతికి లొంగేది కాదని నాకప్పుడే తెలిసింది. వసితి నా మొహంలోకి చూస్తోంది.

"ఏంటత్తా?"

"ఏం లేదు. నరం సర్దుకుంటోంది."

ఎందుకలా అన్నానంటే, సిగ్గేసింది. అంతకు మించి ఏ కారణమూ లేదు. లోయంతా పేరున్న చెయ్యి, సొంత మేనకోడలి దగ్గర ఓడిపోయిందని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇంకో వారం ఉందిగా, అదే బిగుసుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడో వారం చివర వసితి చెరకు బళ్ళ రైలుపట్టాల వెంట పరిగెత్తింది. తిన్నగా పరిగెడితే ఏ నొప్పీ లేదు. ఒగరుస్తూ వచ్చి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

"అయిపోయిందా అత్తా? చెప్పు, అయిపోయినట్టేనా?"

"అయిపోయింది," అన్నాను.

శిబిరంలో మొదటి రోజు, మొదటి గంటలోనే మోకాలు మళ్ళీ తిరిగింది. ఫోన్ వచ్చేసరికి నేను మార్కెట్లో కర్రపెండలం కుప్పలు పెడుతున్నాను. ఎక్కడి దుంపలు అక్కడే వదిలేసి, పెనాయా నేనూ బస్సెక్కాం.

డాక్టరు కుర్రాడే, ఓపిగ్గా చెప్పాడు. "మోకాలిని లోపల బిగించి పట్టే నరం నెల కిందటే పూర్తిగా తెగిపోయింది. అది లేకుండానే పరిగెత్తింది. పక్కకి మళ్ళేసరికి లోపలి మెత్తటి ఎముక కూడా నలిగిపోయింది. మొదట్లోనే వచ్చుంటే ఆపరేషన్ చేసి, ఏడాదికి మళ్ళీ ఆడించేవాళ్ళం. ఇప్పుడు కూడా చేస్తాం. నడుస్తుంది, పనులు చేసుకుంటుంది. ఆటే కష్టం."

"కష్టమంటే?" పెనాయా అడిగాడు.

"లేనట్టే, పెద్దాయనా."

డాక్టరు వసితి వైపు తిరిగి, "మొదటిసారి తిరిగినప్పుడు ఎవరికన్నా చూపించావా అమ్మా? పరిగెత్తొచ్చని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. వసితి నా వైపు చూడలేదు. దుప్పటి అంచు సరిచేసుకుంది.

"మా అత్త పట్టింది. ఇంకో నెల ఆగమని చెప్పింది. నేనే వినలేదు."

డాక్టరు రాసుకున్నాడు. పెనాయా నుదురు కొట్టుకున్నాడు. నేను నోరు మెదపలేదు.

ఆపరేషన్ అయ్యాక చంకకర్రలతో ఇంటికొచ్చింది. వాళ్ళమ్మ దీవుల్లో హోటలు పని చేస్తుంది, పదిహేను రోజులకోసారి వస్తుంది. వచ్చి, రెండు రోజులూ ఏడ్చి, ముక్కు తుడుచుకుంటూ పడవెక్కింది. ఆ తరవాత ఊరంతా వంతులవారీగా వచ్చారు. కొబ్బరిపాలలో చేప తెచ్చేవాళ్ళు, చేమదుంపలు తెచ్చేవాళ్ళు, రొట్టెలు తెచ్చేవాళ్ళు. తెచ్చిన ప్రతివాళ్ళూ ఓ మాట కూడా తెచ్చారు.

"అంతా దేవుడి చిత్తం తల్లీ."

"పోనీలే, చిన్నపిల్లలకి ఆట నేర్పుదువుగాని."

"పెళ్ళి చేసుకోవే. నలుగుర్ని కని వాళ్ళని ఆడించు!"

"అయినా తొందరపడ్డావే పిల్లా. అత్త చెప్పినట్టు ఆగి ఉంటే ఈపాటికి..."

అందరికీ అది ఒకటే జవాబు చెప్పేది. "ఫర్లేదు." అదే నవ్వు, అదే మాట. తొందరపడ్డావన్నవాళ్ళకి కూడా ఫర్లేదే. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయి గిన్నెలు కడిగేదాన్ని. కడిగినవే మళ్ళీ కడిగేదాన్ని.

మధ్యాహ్నాలు నేనే దాని దగ్గర కూర్చునేదాన్ని. నాలుగింటికి మైదానంలో ఈల వినపడగానే కిటికీ వెయ్యమనేది. ఉడికిపోతున్నా సరే, వెయ్యాల్సిందే. ఓ రోజు రెండు తొడలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది. ఒకటి చిక్కి సగమైపోయింది.

"ఇది ఎవరిదత్తా?" అంది. నవ్వుతూనే అంది.

"నీదేనే. మళ్ళీ ఒళ్ళొస్తుంది."

"ఏ పనీ చెయ్యకుండానే అలిసిపోతున్నా. అప్పుడు గుట్ట పదిసార్లు ఎక్కి దిగినా ఇంత అలుపు లేదు. పొద్దున లేవగానే అలుపు. మంచినీళ్ళు తాగాలన్నా అలుపే. కాలికే గదా దెబ్బ తగిలింది, మిగతా ఒళ్ళంతా ఏమైందత్తా?"

అలుపంటే నాకూ అప్పుడే తెలుస్తోంది. అబద్ధాన్ని మొయ్యడం కన్నా బరువు పని లేదు. పైగా అది నాకోసం ఆ పిల్ల చెప్పిన అబద్ధం. అయినా జనం నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. మెడ పట్టిందని ఒకరు, వేలు బెణికిందని ఒకరు. "నీ మాట వినక పిల్ల కాలు పోగొట్టుకుంది, పాపం," అని నాకే చెప్పేవాళ్ళు. నేను తల వంచుకుని పట్టేదాన్ని.

అపిసాయ్ ఓ రోజు చెరకు ముక్కలు చెక్కి, గిన్నెలో పెట్టుకుని వచ్చాడు. స్నానం చేసి, చొక్కా మార్చుకుని మరీ వచ్చాడు. కాళ్ళు ముడుచుకుని మర్యాదగా కూర్చున్నాడు.

"ఒంట్లో ఎలా ఉంది వసితీ? నొప్పి తగ్గిందా?"

వసితి వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఏంటి బావా ఆ మాటలు?"

"ఏం మాటలు?"

"పాస్టరుగారిలా. ఏంటది?"

"బాగోలేనిదానివి గదా అని..."

"వెక్కిరించు."

"ఏంటి?"

"నన్ను వెక్కిరించు బావా. కుంటి బాతనను. మూడు కాళ్ళదాన్నను. ఏదో ఒకటి అను. అందరూ నాతో మంచిగా మాట్లాడుతున్నారు. నువ్వు కూడా మంచిగా మాట్లాడితే నేనింక నిజంగా అయిపోయినట్టే."

వాడు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. పుట్టినప్పట్నుంచి దాన్ని ఏడిపిస్తున్నవాడికి ఒక్క మాట దొరకలేదు. లేచి మా పెరట్లోకొచ్చి, ఆరడుగుల మనిషి, అరటిచెట్టు పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాణ్ణి చూశాక నాకు లోపల ఏదో తెగింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, ముగ్గురం పెనాయా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. ప్రార్థన అయ్యింది. పెనాయా చేప ముక్క తుంచుతూ, "ఇవాళ పాస్టరుగారు చెప్పింది విన్నావుగా?" అన్నాడు కూతురితో. "పెద్దల మాట వినాలని. ఆ ఒక్క నెల అత్త మాట విని ఉంటే ఇవాళ మన బతుకే వేరు."

"అవును నాన్నా," అంది వసితి.

"అది అబద్ధం పెనాయా," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను కంచంలోకి చూస్తూ చెప్పేశాను. "ఆసుపత్రికి వద్దన్నది నేను. ఆగమని నేను ఒక్క రోజు కూడా అనలేదు. లోపల వదులైపోయిందని నా చేతికి తెలుసు. తెలిసీ, అయిపోయింది పో అన్నాను."

పెనాయా ముద్ద కంచంలో పెట్టేశాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బావుండేది. లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఈ మాట ఈ గుమ్మం దాటకూడదు అక్కా. అది అమ్మ చెయ్యి. ఊళ్ళో తెలిస్తే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?"

"ఎందుకు చెప్పావత్తా?" వసితి నీరసంగా అడిగింది.

"నువ్వెందుకు అబద్ధం ఆడావే?"

"నా కాలు ఎలాగూ పోయింది. నీ చెయ్యి కూడా ఎందుకని."

ఆ పిల్ల అలా అన్నాక నేనింక అక్కడ కూర్చోలేకపోయాను.

తప్పు చేసినవాళ్ళు చెయ్యాల్సింది మా దగ్గర ఒకటి ఉంది. తిమింగలం పన్ను పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాలి. గుమ్మం వైపు, తక్కువవాళ్ళు కూర్చునే చోట కూర్చోవాలి. తల ఎత్తకూడదు. అవతలివాళ్ళు ఆ పన్ను ముట్టుకుని తీసుకుంటే, అయిపోయినట్టే. ఆ మాట మళ్ళీ ఎవరి నోటా రాకూడదు. తీసుకోకపోవడం అనేది మేం ఎరగం. మనుషుల్ని చంపుకున్నవాళ్ళు కూడా తీసుకున్నారని పాతకాలం కథలు చెబుతారు. మా ఆయన పోయినప్పుడు వాళ్ళవాళ్ళు ఇచ్చింది ఒకటి నా పెట్టెలో ఉంది. తీసి, నూనె రాసి తుడిచాను.

"పెద్దదానివి, చిన్నపిల్ల ముందు తల వంచుతావా? ఎక్కడన్నా ఉందా ఇది?" పెనాయా అడ్డుపడ్డాడు. "నాకివ్వు. తండ్రిని, నేను పుచ్చుకుంటా. సరిపోతుంది."

"మోకాలు నీదా?" అన్నాను.

శనివారం పొద్దున పెనాయా ఇంటికి ఊరి పెద్దల్ని నలుగుర్ని పిలిచాను. గుమ్మం దాటకూడదన్న మాట ఊరంతా దాటాలనే పిలిచాను. వసితిని గుమ్మానికి ఎదురు కొసన, పెద్దవాళ్ళు కూర్చునే చోట కూర్చోబెట్టాం. చంకకర్రలు పక్కనే పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. అపిసాయ్ నా తరఫున పన్ను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఆనవాయితీ ప్రకారం ఊరి పేరు, వంశం పేరు చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆసుపత్రికి వద్దన్నది చెప్పాడు. సొరుగులా జారిన సంగతి చెప్పాడు. తరవాత పన్ను తీసుకెళ్ళి వసితి ముందు చాప మీద పెట్టి, వెనక్కి జరిగాడు.

నేను తల వంచుకుని ఎదురుచూశాను. చాప అల్లిక తప్ప నాకేమీ కనపడటం లేదు. ఎంతసేపటికీ పన్నెత్తిన చప్పుడు లేదు.

"తీసుకోను," అంది వసితి.

"వసితీ!" పెనాయా గుడ్లురిమాడు. "తిమింగలం పన్ను కాదంటావా? ఇంటా వంటా ఉందా?"

"ఇది ముట్టుకుంటే అయిపోయినట్టేగా నాన్నా? రేపట్నుంచి ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. నేను కూడా ఎత్తకూడదు. అంతేనా?"

"అంతే."

"నాకింకా మొదలే కాలేదు. ఇన్నాళ్ళూ అందరికీ ఫర్లేదు, ఫర్లేదు అని చెప్పీ చెప్పీ చచ్చిపోయా. ఏం ఫర్లేదు? నాకు ఆట తప్ప ఏమొచ్చు? అత్తా, నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఎంత ఉందో నాకే తెలీదు. దాన్ని ఇవాళే పాతిపెట్టెయ్యమంటే ఎలా పెట్టను?"

పెద్దలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇలాంటిది వాళ్ళూ ఎరగరు. పెనాయా నా వైపు తిరిగి, "చిన్నపిల్ల అక్కా, తెలీక అంటోంది," అన్నాడు.

"తెలిసే అంటోంది. ఉండనీ," అన్నాను. అప్పుడు తలెత్తి దాన్ని చూశాను. మూడు నెలల్లో మొదటిసారి అది నా కళ్ళలోకి చూసింది.

"నువ్వు చెప్పు. ఏం చెయ్యమంటావు?" అడిగాను.

"పట్టుకెళ్ళు. మళ్ళీ తీసుకురా."

"ఎప్పుడు?"

"వచ్చే నెల. అప్పుడు కూడా కాదంటానేమో. అయినా తీసుకురా."

పన్ను ఒళ్ళో పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా ఇంటికి నడిచొచ్చాను. ఆ తరవాత నా గడప తొక్కేవాళ్ళు తగ్గారు. వచ్చిన ఒకరిద్దరికి, ముందు పట్నం వెళ్ళి ఫొటో తీయించుకు రండి, తరవాత చూస్తానని చెబుతున్నాను. అమ్మ నియమం అక్కడితో ఆగిపోయింది.

రెండోసారి వెళ్తే వసితి పన్ను వైపు చూసి, తల అడ్డంగా ఊపి, నాకు నిమ్మాకు టీ ఇచ్చింది. తాగి, పన్ను పట్టుకుని వచ్చేశాను.

మూడోసారి వెళ్ళేసరికి కోతలు అయిపోయాయి. చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోయి, ఊరంతా చప్పబడి ఉంది. పన్ను చాప మీద పెట్టానో లేదో, మొదలుపెట్టింది. "తెలిసీ చెప్పావు కదూ! నీ చేతికి తెలిసీ! నా మొహం చూసి మరీ చెప్పావు!" అంటూ ఇల్లెగిరిపోయేలా అరిచింది. నన్ను అబద్ధాలకోరంది, పిరికిదాన్నంది, పేరు కోసం మేనకోడల్ని తినేశావంది. మేనత్తని ఎవరూ అనకూడని మాటలు అంది. చంకకర్ర తీసి గోడకేసి కొట్టింది. ఇరుగు పొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. పెనాయా పరిగెత్తుకొచ్చాడు. రావద్దని చెయ్యి ఊపాను. ఒక్క మాటకి కూడా ఎదురు చెప్పలేదు. చెప్పడానికేముంది, అన్నీ నిజాలే. చివరికి అలిసిపోయి, నా ఎదురుగా చతికిలబడి, చిన్నప్పుడెప్పుడో ఏడ్చినట్టు బావురుమని ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకోలేదు. తీసుకోమని అది అడగలేదు. ఊరికే ఎదురుగా కూర్చున్నాను.

ఏడుపు ఆగాక మొహం తుడుచుకుని, పన్ను వైపు చూసింది. ముట్టుకోలేదు.

"వచ్చే నెల వస్తావుగా?" అంది.

"వస్తానే," అన్నాను.